కళ్లు దించుకున్న సిల్వానా చెన్ని: ఫెలీచె కాజొరాతి బొమ్మలో ఆ నిశ్శబ్దం ఎక్కడిది?

క్లుప్తంగా: ఇటలీ చిత్రకారుడు ఫెలీచె కాజొరాతి 1922లో వేసిన "సిల్వానా చెన్ని" ఇరవయ్యో శతాబ్దపు ఇటాలియన్ పోర్ట్రెయిట్లలో బాగా పేరున్న వాటిలో ఒకటి. దీన్ని కొందరు మ్యాజిక్ రియలిజం అంటారు, కొందరు నవ్య సంప్రదాయ ధోరణి అంటారు, ఫాసిస్టు కాలపు కళ అని పక్కన పెట్టేవాళ్లూ ఉన్నారు. బొమ్మ ఎలా కట్టారో, దాని వెనక చిత్రకారుడి జీవితం ఎలా నడిచిందో కలిపి చూస్తే ఈ మూడు పేర్లలో ఏది ఎంతవరకు సరిపోతుందో తెలుస్తుంది.

## ఒక మాట చుట్టూ గందరగోళం

మ్యాజిక్ రియలిజం అనగానే తెలుగు పాఠకులకు లాటిన్ అమెరికా నవలలు గుర్తొస్తాయి. చనిపోయినవాళ్లు ఇంటికొచ్చి మాట్లాడటం, వింతలు మామూలు విషయాల్లా జరిగిపోవడం అందులో భాగం. అయితే ఈ మాట పుట్టింది సాహిత్యంలో కాదు, చిత్రకళలో. ఫ్రాంజ్ రో అనే జర్మన్ విమర్శకుడు 1925లో, ఎక్స్‌ప్రెషనిజం (రూపాలను వంకర తిప్పి భావావేశాన్ని చూపే ధోరణి) తర్వాత వచ్చిన కొత్త చిత్రకళ గురించి రాసిన పుస్తకంలో దాన్ని వాడాడు. 1927లో ఆ పుస్తకం స్పానిష్‌లోకి వచ్చింది. అదే సమయంలో ఇటలీలో రచయిత మస్సిమో బొంతెంపెల్లి తన పత్రికలో ఇదే మాటను సొంతం చేసుకున్నాడు. లాటిన్ అమెరికా నవలలకు ఆ పేరు స్థిరపడింది ఆ తర్వాతే.

చిత్రకళలో ఈ మాటకు అర్థం కూడా వేరు. అక్కడ ఎగిరే మనుషులు ఉండరు, దయ్యాలు ఉండవు. గది గదిలాగే ఉంటుంది, కుర్చీ కుర్చీలాగే ఉంటుంది. అన్నీ మరీ స్పష్టంగా, మరీ కదలకుండా ఉండటం వల్ల చూసేవాడికి ఏదో తేడాగా అనిపిస్తుంది. వింతంతా ఆ అతి స్పష్టతలోనే ఉంది. కాజొరాతిని కళాచరిత్రకారులు తరచుగా ఈ వరుసలోనే చేరుస్తారు. మిలాన్‌లోని పలాత్సో రెయాలెలో 2025లో ఆయన బొమ్మలతో పెద్ద ప్రదర్శన జరగడంతో ఈ చర్చ మళ్లీ మొదలైంది.

## బొమ్మలో ఏముంది

ఎత్తు 205 సెంటీమీటర్లు, వెడల్పు 105. అంటే నిలువెత్తు మనిషి కంటే పొడవు, తలుపు రెక్కంత వెడల్పు. మధ్యలో తెల్లటి పొడవాటి దుస్తుల్లో ఒక స్త్రీ ఎదురుగా కూర్చుని ఉంది. ముఖం తిన్నగా మనవైపే ఉన్నా కళ్లు దించుకుంది. ఆమె చుట్టూ పుస్తకాలు, చుట్టిన కాగితాలు. వెనక కిటికీ. అందులోంచి ఒక కొండ, దానిమీద చర్చి కనిపిస్తాయి. అది టూరిన్ నగరంలోని మొంతె దెయి కప్పుచ్చీని కొండ. పో నదికి ఆవలి ఒడ్డున, నగరంలో చాలా చోట్ల నుంచి కనిపించే గుర్తు అది.

బొమ్మలో ఏమీ జరగదు. ఆమె చదవడం లేదు, రాయడం లేదు, ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టూ లేదు. వేసుకున్న నగలు, ముఖంలో భావం, చేతుల్లో వస్తువులు చూసి ఎదుటి మనిషి ఎవరో పోల్చుకోవడం పోర్ట్రెయిట్ చూసేవాళ్లకు అలవాటు. ఇక్కడ ఆ ఆధారాలేవీ దొరకవు. చివరికి పేరు కూడా నమ్మకమైన ఆధారం కాదు. "సిల్వానా చెన్ని" నిజమైన మనిషి పేరు కాదని, పదిహేనో శతాబ్దపు ఇటలీలో వినిపించే పేరులా ఉండేట్టు చిత్రకారుడే కల్పించుకున్నాడని పరిశోధకులు భావిస్తారు.

పేర్లతో ఇలా ఆడుకోవడం కాజొరాతికి అప్పటికే అలవాటు. పదేళ్ల ముందు, 1912లో వేసిన "లె సిన్యొరీనె" (అమ్మాయిలు) అనే పెద్ద బొమ్మలో నలుగురు యువతులు పచ్చికలో నిలబడి ఉంటారు. ఒకరు నగ్నంగా, ముగ్గురు దుస్తుల్లో. దొలొరెస్, వియొలాంతె, బియాంకా, జొకొందా అని ఒక్కొక్కరికీ ఒక పేరు చీటీ. దుఃఖం, ఊదారంగు పువ్వు, తెలుపు, ఆనందం అనే అర్థాలు ఆ పేర్లలోనే వినిపిస్తాయి. ఆయన దృష్టిలో పేరు మనిషి గుర్తింపు కంటే బొమ్మ స్వరానికి ఎక్కువ పనికొచ్చేది. సిల్వానా దగ్గరికి వచ్చేసరికి చీటీలు పోయాయి. మిగిలింది శీర్షికే.

## నిశ్శబ్దాన్ని ఎలా కట్టారు

"ఈ బొమ్మ చూస్తే ప్రశాంతంగా ఉంటుంది" అని ఊరుకోవచ్చు. కానీ ఆ ప్రశాంతత ఊరికే రాలేదు. దానివెనక లెక్క ఉంది. విడదీసి చూస్తే ఆ లెక్క బొమ్మలో చాలా చోట్ల కనిపిస్తుంది.

మొదట కళ్లు. పోర్ట్రెయిట్‌లో చూపు ఒక తాడు లాంటిది. బొమ్మలోని మనిషి మనల్ని చూస్తే మనం కట్టుబడిపోతాం. పక్కకు చూస్తే, ఆమె ఏం చూస్తోందా అని మనమూ అటు చూస్తాం. కాజొరాతి ఈ రెండు దారులూ మూసేశాడు. రెప్పలు వాలి ఉన్నాయి, ముఖం మాత్రం నేరుగా మనకు ఎదురుగా ఉంది. పక్కకు తిరిగి కళ్లు దించుకుంటే సిగ్గు అనుకోవచ్చు. తల వంచితే దుఃఖం అనుకోవచ్చు. తల నిటారుగా ఉంచి కళ్లు మాత్రమే దించుకున్న మనిషి భావం చదవడం చాలా కష్టం. ఎదురుగానే ఉన్నా ఆమె మనకు అందదు. బొమ్మ బలం చాలావరకు ఈ ఒక్క నిర్ణయంలో ఉంది.

రెండోది సమతూకం. శరీరం నిలువు మధ్యరేఖ మీద ఉంటుంది. ఇరుపక్కల బరువు దాదాపు సమానంగా పంచుకుని ఉంటుంది. కదలిక కావాలంటే చిత్రకారులు శరీరాన్ని కాస్త వంకర తిప్పుతారు, ఒక భుజం ఎత్తుతారు, ఒక కాలు ముందుకు పెడతారు. ఆ వంకర తీసేస్తే మనిషి విగ్రహం అవుతుంది. గుళ్లో మూలవిరాట్టు ఎదురుగా, సమంగా ఎందుకు ఉంటుందో, ఈ స్త్రీ కూడా అందుకే ఒక గదిలో కూర్చున్న మామూలు మనిషిలా అనిపించదు. మరీ పక్కాగా అద్దంలో ప్రతిబింబంలా వేస్తే మాత్రం బొమ్మ బిగుసుకుపోతుంది. అందుకే చుట్టూ పడి ఉన్న కాగితాలు, పుస్తకాలు ఆ సమతను అక్కడక్కడా చెదరగొడతాయి.

మూడోది రంగు వేసిన పద్ధతి, అంటే టెంపెరా. పునరుజ్జీవన కాలంలో నూనె రంగులు రాకముందు ఇటలీలో ఎక్కువగా వాడింది ఇదే. రంగు పొడిని గుడ్డు సొనతోనో, జంతువుల చర్మం నుంచి తీసే బంకతోనో కలుపుతారు. వేసిన వెంటనే ఆరిపోతుంది. తడిమీద తడి కలిపి, నీడను వెలుగులోకి మెల్లగా కరిగించే సౌకర్యం నూనె రంగుల్లో ఉంటుంది, ఇందులో ఉండదు. నీడ కావాలంటే సన్నని గీతలు పక్కపక్కన పెట్టాలి, పొరమీద పొర వేయాలి. పని నెమ్మదిగా సాగుతుంది. ఫలితం కూడా వేరు. మెరుపు ఉండదు, అంచులు తేటగా ఉంటాయి, వెలుగు ఎక్కడి నుంచో పడుతున్నట్టు కాక గోడకు వేసిన సున్నంలా సమంగా పరుచుకుని ఉంటుంది. సిల్వానా తెల్లటి దుస్తులకు ఆ రాతి గుణం రావడంలో టెంపెరా పాత్ర చాలా ఉంది. అదే బొమ్మను చిక్కటి నూనె రంగుల్లో, కుంచె జాడలు కనిపించేట్టు వేసి ఉంటే ఈ మౌనం నిలిచేది కాదు.

ఇక నాలుగోది లోతు. గది ఉంది, కిటికీ ఉంది, దూరాన కొండ ఉంది. లెక్క ప్రకారం చూపు ముందు నుంచి వెనక్కి వెళ్లాలి. కానీ మధ్యలో ఆమె అడ్డంగా నిలువెత్తు కూర్చుని ఉంది. చూపు కిటికీ వరకు వెళ్లి మళ్లీ ఆమె దగ్గరికే వచ్చేస్తుంది. దూరం ఉందని తెలుస్తుంది గానీ ఆ దూరంలోకి వెళ్లలేం. ఇరుకు గదిలో విశాలమైన కిటికీ పెట్టి, దాని ముందు మనిషిని కూర్చోబెట్టినట్టు ఉంటుంది.

## అరువు తెచ్చుకున్న సింహాసనం

ఈ పద్ధతులన్నీ కాజొరాతి కనిపెట్టినవి కావు. పదిహేనో శతాబ్దపు చిత్రకారుడు పియెరో దెల్లా ఫ్రాంచెస్కా బొమ్మలు చూసినవాళ్లకు ఇవి తెలిసిన దారులే. ఆయన స్వస్థలం సాన్‌సెపోల్క్రోలో ఉన్న "కరుణామయి మరియ" బొమ్మలో మరియ మాత నేరుగా ఎదురుగా నిలబడి, కళ్లు దించుకుని, తన అంగీని ఇరుపక్కలా గుడారంలా పరిచి ఉంటుంది. దాని కింద భక్తులు మోకరిల్లి ఉంటారు. సిల్వానా చెన్ని గురించి రాసే విమర్శకులు చాలామంది ముందుగా గుర్తు చేసేది ఈ బొమ్మనే. మిలాన్ బ్రెరా గ్యాలరీలో ఉన్న పియెరో మరో బొమ్మలో మరియ తలపై ఒక గుడ్డు వేలాడుతూ ఉంటుంది. కాజొరాతి కూడా గుడ్లను ఇష్టంగా వేశాడు. 1920లో వేసిన ఒక నిశ్చల చిత్రంలో విషయమే సొరుగుల బల్లమీద పెట్టిన గుడ్లు. మనిషి తలను, గుడ్డును ఒకే రకమైన ఆకారంగా చూడటం ఆ కాలంలో పియెరోను మళ్లీ చదువుకున్నవాళ్లలో కనిపించే లక్షణం.

పియెరోను అప్పుడే ఎందుకు గుర్తు చేసుకున్నారన్నది ఇక్కడ అసలు ప్రశ్న. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు ఇటలీ యువ చిత్రకారుల్లో చాలామందికి ఫ్యూచరిజం మీద మోజు. వేగం, యంత్రాలు, గతాన్ని తగలబెట్టాలన్న నినాదాలు. యుద్ధం ఆ వేగం, ఆ యంత్రాలు మనుషులను ఏం చేయగలవో చూపించింది. 1918లో రోమ్‌లో మొదలైన "వలోరి ప్లాస్తిచి" పత్రిక చుట్టూ చేరినవాళ్లు పాత గురువుల వైపు తిరిగారు. జొర్జొ దె కీరికొ 1919లో అదే పత్రికలో, చిత్రకారులు మళ్లీ చేతి పనితనం వైపు రావాలని వాదించాడు. ఫ్రాన్స్‌లో పికాసో కూడా ఆ సంవత్సరాల్లో నిండైన, శిల్పాల్లాంటి స్త్రీ మూర్తులు వేస్తున్నాడు. ఈ మలుపును యూరప్ అంతటా "మళ్లీ క్రమం వైపు" అని పిలిచారు. మరోపక్క రొబెర్తొ లొంగి లాంటి యువ చరిత్రకారులు యుద్ధానికి ముందు నుంచే పియెరో గొప్పతనాన్ని కొత్తగా వివరిస్తున్నారు. ఇవన్నీ కలిసి 1922 నాటికి మరియ మాత పీఠాన్ని ఒక టూరిన్ గదిలోకి తీసుకురావడం సాధ్యమైంది.

కాజొరాతి ఆ పీఠాన్ని తెచ్చుకున్నాడు గానీ దాని అర్థాన్ని తేలేదు. పియెరో మరియ అంగీ కింద ఒక ఊరు ఊరంతా తలదాచుకుంటుంది. సిల్వానా దుస్తుల కింద ఎవరికీ చోటు లేదు. రక్షించే తల్లి రూపం అలాగే ఉంది, ఆ రక్షణే ఖాళీ అయింది. పాత బొమ్మకు నకలుగా దీన్ని చూసేవాళ్లు ఈ తేడాను పట్టించుకోరు.

## పియానో నుంచి కుంచెకు

ఫెలీచె కాజొరాతి 1883 డిసెంబర్ 4న నొవారాలో పుట్టాడు. తండ్రి సైన్యంలో అధికారి. బదిలీల వల్ల చిన్నతనం మిలాన్, రెజ్జొ ఎమిలియా, పాదొవా లాంటి ఊళ్ల మీదుగా గడిచింది. మొదట ప్రాణం పెట్టింది సంగీతం మీద. పియానో గంటల తరబడి సాధన చేసేవాడు. పద్దెనిమిదేళ్ల ప్రాయంలో నరాల జబ్బు రావడంతో సాధన ఆపాల్సి వచ్చింది. విశ్రాంతి కోసం పాదొవా దగ్గరి కొండల్లోకి వెళ్లినప్పుడు రంగులు చేతికొచ్చాయి. ఇంట్లోవాళ్ల మాట కాదనలేక న్యాయశాస్త్రం పట్టా తీసుకున్నాడు, వకీలుగా మాత్రం పని చేయలేదు. 1907లో వెనిస్ బియెన్నాలె అనే అంతర్జాతీయ కళా ప్రదర్శనలో ఆయన వేసిన ఒక స్త్రీ పోర్ట్రెయిట్‌కు చోటు దొరికింది. ఆ బొమ్మలో ఉన్నది ఆయన సోదరి ఎల్వీరా.

1908 నుంచి 1911 వరకు కుటుంబం నేపుల్స్‌లో ఉంది. అక్కడి జాతీయ మ్యూజియంలో ఆయన బ్రూగెల్ బొమ్మల ముందు చాలాసేపు నిలబడేవాడు. గుడ్డివాళ్లకు గుడ్డివాడు దారి చూపే ప్రసిద్ధ చిత్రం అప్పట్లో ఉన్నది అక్కడే. అది కూడా నూనె రంగులతో వేసింది కాదు, గుడ్డ మీద బంక కలిపిన రంగులతో వేసింది. మెరుపు లేని ఆ పొడి రంగుకూ, పన్నెండేళ్ల తర్వాత సిల్వానాలో కనిపించే రంగుకూ పోలిక ఉంది. 1909లో ఆయన వేసిన "లె వెక్యె" (ముసలమ్మలు) రోమ్‌లోని జాతీయ ఆధునిక కళా గ్యాలరీకి చేరింది.

తర్వాతి మజిలీ వెరోనా. 1910 బియెన్నాలెలో చూసిన ఆస్ట్రియా చిత్రకారుడు క్లిమ్ట్ ప్రభావం ఆ కాలపు బొమ్మల్లో బాగా కనిపిస్తుంది. పువ్వులు, అలంకారం, చదునైన నమూనాలు. పైన చెప్పిన అమ్మాయిల బొమ్మ ఈ కాలానిదే. వెనిస్ నగరపు ఆధునిక కళా సంగ్రహాలయం కా పెజారొ దాన్ని కొనుక్కుంది.

యుద్ధం రావడంతో ఈ అలంకారమంతా రాలిపోయింది. కాజొరాతి సైన్యంలోకి వెళ్లాడు. 1917లో తండ్రి ఆత్మహత్య చేసుకున్నాడు. తల్లినీ సోదరీమణులనూ తీసుకుని ఆయన టూరిన్ చేరాడు. ఆ తర్వాతి మూడు నాలుగేళ్ల బొమ్మల్లో ఖాళీ గదులు, ఖాళీ గిన్నెలు, ఎదురుచూస్తూ కునికిపాట్లు పడే ఆడవాళ్లు. రంగులు బూడిద, మట్టి ఛాయల్లోకి దిగాయి. జీవితంలో జరిగినదాన్ని బొమ్మకు నేరుగా అంటగట్టడం ప్రమాదమే. కాకపోతే ఈ వరుస చూశాక సిల్వానా గదిలోని ఆ ఖాళీని ఉత్త శైలి అని కొట్టిపారేయడం కష్టం.

## టూరిన్, 1922

టూరిన్ అప్పటికి కార్ల కర్మాగారాల నగరం, కార్మిక సమ్మెల నగరం. అక్కడ కాజొరాతికి ఇద్దరు ముఖ్యమైన పరిచయాలు ఏర్పడ్డాయి. ఒకరు పియెరో గొబెత్తి. ఇరవై ఏళ్లు దాటీ దాటకముందే పత్రికలు నడిపిన మేధావి. 1922 ఫిబ్రవరిలో "లా రివొలుత్సియోనె లిబెరాలె" (ఉదారవాద విప్లవం) అనే పత్రిక మొదలుపెట్టి, ముస్సోలినీని మొదటి నుంచీ గట్టిగా ఎదిరించాడు. కాజొరాతి మీద తొలి పుస్తకం రాసింది ఆయనే, 1923లో. రెండోవారు రిక్కార్దొ గ్వాలీనో. కృత్రిమ పట్టు పరిశ్రమలో డబ్బు సంపాదించిన పారిశ్రామికవేత్త, కళావస్తువులు సేకరించేవాడు. కాజొరాతి ఆయనకూ, భార్య చెజరీనాకూ, కొడుకు రెనాతోకూ పోర్ట్రెయిట్లు వేశాడు. గ్వాలీనో ఇంట్లో సొంత నాటకశాల కట్టినప్పుడు వాస్తుశిల్పి అల్బెర్తొ సర్తోరిస్‌తో కలిసి దాని రూపకల్పనలో పాలుపంచుకున్నాడు. 1927లో మొంజా ప్రదర్శన కోసం వీళ్లిద్దరూ కలిసి ఒక మాంసం కొట్టును కూడా తీర్చిదిద్దారు. గది, గోడ, బల్ల, మనిషి అన్నిటినీ ఒకే నిర్మాణంగా చూడటం కాజొరాతి స్వభావమని చెప్పడానికి ఆ కొట్టు మంచి సాక్ష్యం.

## ఇది ఫాసిస్టు కళేనా?

సిల్వానా చెన్ని వేసిన ఏడాదే, 1922 అక్టోబర్‌లో, ముస్సోలినీ మూకలు రోమ్ వైపు కదిలి అధికారం చేజిక్కించుకున్నాయి. అదే ఏడాది మిలాన్‌లో మర్గెరీతా సర్ఫాత్తి అనే విమర్శకురాలు ఏడుగురు చిత్రకారులతో "నొవెచెంతో" బృందాన్ని ఏర్పాటు చేసింది. ఆమె ముస్సోలినీకి సన్నిహితురాలు. ఈ బృందం కోరుకున్నది కూడా స్పష్టత, క్రమం, ఇటలీ సంప్రదాయం. 1926లో మిలాన్‌లో జరిగిన ఆ ఉద్యమపు పెద్ద ప్రదర్శనను ముస్సోలినీ స్వయంగా ప్రారంభించాడు. కాజొరాతి బొమ్మలు కూడా ఆ ప్రదర్శనలో ఉన్నాయి. కాలం, శైలి, ప్రదర్శన అన్నీ కలిసేసరికి అనుమానం రావడం సహజం.

మరోపక్క చూస్తే వేరే ఆధారాలున్నాయి. గొబెత్తి బృందంతో తిరిగినందుకు 1923లో కాజొరాతిని అరెస్టు చేసి కొన్ని రోజులు నిర్బంధించారు. గొబెత్తి దాడులకు గురై, దేశం విడిచి, 1926 ఫిబ్రవరిలో పారిస్‌లో చనిపోయాడు. అప్పటికి అతనికి ఇరవై నాలుగేళ్లు. 1924 బియెన్నాలెలో కాజొరాతికి ప్రత్యేకంగా ఒక గది ఇచ్చి పద్నాలుగు బొమ్మలు పెట్టినప్పుడు పరిచయం రాసింది లియొనెల్లొ వెంతూరి. టూరిన్ విశ్వవిద్యాలయంలో కళాచరిత్ర ఆచార్యుడు. 1931లో ప్రభుత్వం ఆచార్యులందరినీ ఫాసిస్టు ప్రమాణం చేయమన్నప్పుడు నిరాకరించిన సుమారు పన్నెండు మందిలో ఆయన ఒకరు. కాజొరాతిని ముందుగా అర్థం చేసుకుని రాసినవాళ్లలో ముఖ్యులు ఈ ప్రభుత్వానికి ఎదురు నిలిచినవాళ్లే.

అరెస్టు తర్వాత కాజొరాతి ప్రభుత్వంతో బహిరంగంగా తలపడలేదన్నదీ నిజమే. అధికారిక ప్రదర్శనల్లో పాల్గొన్నాడు. 1938 బియెన్నాలెలో బహుమతి అందుకున్నాడు. ఆ ఏడాదే ఇటలీలో యూదుల మీద జాతి చట్టాలు వచ్చాయి. ఆయన దగ్గర బొమ్మలు నేర్చుకున్న పావొలా లేవి మొంతాల్చిని యూదు కుటుంబానికి చెందినది. తర్వాత నోబెల్ అందుకున్న శాస్త్రవేత్త రీతా లేవి మొంతాల్చినికి ఆమె కవల సోదరి. ఆ చట్టాల వల్ల రీతా విశ్వవిద్యాలయంలో పని కోల్పోయింది. కాజొరాతిని వీరుడిగానో సేవకుడిగానో తేల్చేయాలనుకునేవాళ్లకు ఈ వాస్తవాలు రెండు వైపులా అడ్డం వస్తాయి.

కాబట్టి బొమ్మ దగ్గరికే తిరిగి రావాలి. ఫాసిస్టు కళ కోరుకున్న క్రమానికీ, సిల్వానాలోని క్రమానికీ ఒక తేడా ఉంది. ప్రచారానికి పనికొచ్చే బొమ్మలో శరీరం ఏదో చేస్తుంటుంది. పంట కోస్తుంది, బిడ్డకు పాలిస్తుంది, కవాతు చేస్తుంది. చూసేవాడికి ఒక ఆదర్శం చూపిస్తుంది. సిల్వానా ఏ పనీ చేయదు, ఏ ఆదర్శమూ చెప్పదు. ఆమె వెనక ఉన్నది మాతృభూమి కాదు, టూరిన్‌లోని ఒక కొండ. క్రమం ఉంది గానీ ఆ క్రమం ఎవరి సేవకూ లేదు. ఒకే వ్యాకరణంతో రెండు రకాల వాక్యాలు రాయవచ్చని ఒప్పుకుంటే, నొవెచెంతో ప్రదర్శనలో కాజొరాతి ఉండటం, గొబెత్తి ఆయన మీద పుస్తకం రాయడం రెండూ ఒకే మనిషి విషయంలో జరగడంలో ఆశ్చర్యం ఉండదు. ఫాసిస్టు కాలపు కళ అన్న మాట కాలం విషయంలో నిజం, ఉద్దేశం విషయంలో పొరపాటు.

నవ్య సంప్రదాయ ధోరణి అన్న పేరుకూ ఇలాంటి ఇబ్బందే ఉంది. రూపం వరకు అది సరిపోతుంది. సంప్రదాయం ఇచ్చే భరోసా మాత్రం ఈ బొమ్మలో లేదు.

## మొదిల్యాని పక్కన పెడితే

ఇరవయ్యో శతాబ్దపు ఇటాలియన్ పోర్ట్రెయిట్ అంటే ప్రపంచం మొదట తలచుకునేది అమెదేయొ మొదిల్యానిని. కాజొరాతి కంటే ఏడాది చిన్న. 1884లో లివొర్నొలో పుట్టి, 1920 జనవరిలో పారిస్‌లో చనిపోయాడు. ఆయనా చాలా బొమ్మల్లో చూపును తీసేశాడు. పొడవాటి మెడ, సోలిన ముఖం, కనుపాప లేకుండా ఒకే రంగుతో నింపిన కళ్లు. కానీ ఆ ముఖం ఎవరిదో తెలుస్తుంది. సహచరి జాన్ ఎబుతెర్న్, కవి మిత్రుడు, పక్కవీధి బట్టల కొట్టు పిల్ల, ఎవరైనా కానీ, ఒక్కొక్కరి ఒంపు ఒక్కొక్కటిగా ఉంటుంది. అతను కళ్లు మూసి మనిషిని నిలుపుకున్నాడు. కాజొరాతి కళ్లను సహజంగా, పద్ధతిగా వేసి, వాటి వెనక మనిషిని దాచేశాడు.

అంతకుముందు తరంలో పేరున్న జొవాన్ని బొల్దీని తీరు ఈ ఇద్దరికీ పూర్తిగా భిన్నం. పారిస్ ధనవంతుల ఇళ్లలోని స్త్రీలను ఆయన వేసిన బొమ్మల్లో కుంచె గాలిలా పరుగెడుతుంది. పట్టు దుస్తులు రెపరెపలాడతాయి. సిల్వానా తెల్ల దుస్తుల మడతలు చూసి వెంటనే బొల్దీని బొమ్మ ఒకటి చూస్తే, టెంపెరా గురించీ సమతూకం గురించీ పైన చెప్పినదంతా కంటికే అర్థమవుతుంది.

## ఆ తర్వాత

1923లో "మెరిజ్జొ" (మధ్యాహ్నం) అనే బొమ్మలో నిద్రపోతున్న స్త్రీలు, 1925లో "ప్లేటో తరహా సంభాషణ"లో నల్ల టోపీ పెట్టుకున్న పురుషుడి పక్కన పడుకున్న నగ్న స్త్రీ. ఈ మూడు నాలుగేళ్లే కాజొరాతికి అంతర్జాతీయ పేరు తెచ్చాయి. ఇంట్లోనే పెట్టిన బడిలో చాలామంది యువతులు బొమ్మలు నేర్చుకున్నారు. తర్వాత పేరున్న నవలా రచయిత్రి అయిన లల్లా రొమానొ వాళ్లలో ఒకరు. అప్పట్లో కళా విద్యాలయాల్లో ఆడపిల్లలకు దొరికే చోటు ఎంతో చూస్తే ఈ బడి విలువ తెలుస్తుంది.

1931 ఆయన చుట్టూ ఉన్న ప్రపంచాన్ని చెదరగొట్టింది. జనవరిలో గ్వాలీనోను అరెస్టు చేసి లిపరి ద్వీపానికి ప్రవాసం పంపారు. ఆయన సేకరణ చేయి మారింది. వెంతూరి ప్రమాణం నిరాకరించి దేశం వదిలాడు. జూన్‌లో మ్యూనిక్‌లోని గాజు ప్రదర్శనశాల తగలబడింది. అందులో ఉన్న వేల బొమ్మలతో పాటు కాజొరాతి 1922, 1923ల్లో వేసిన "లొ స్తూదియొ" (స్టూడియో) కూడా బూడిదైంది. సిల్వానాకు తోబుట్టువు లాంటి పెద్ద బొమ్మ అది. ఈనాడు ఆ కాలపు కాజొరాతి గురించి మాట్లాడేటప్పుడు సిల్వానా ఒక్కటే అంత బరువు మోయడానికి ఇదీ ఒక కారణం.

ఆ తర్వాతి బొమ్మలు మెత్తబడ్డాయి. ఇంగ్లిష్ చిత్రకారిణి డాఫ్నె మామ్‌ను పెళ్లి చేసుకున్నాడు. టూరిన్ దగ్గరి పవరొలొ పల్లెలో వేసవి ఇల్లు ఏర్పడింది. 1934 నాటి "పవరొలొలో డాఫ్నె"లోనూ కిటికీ ఉంది, కొండలున్నాయి, కూర్చున్న స్త్రీ ఉంది. ఈసారి చూపు కిటికీ దాటి బయటి పచ్చదనంలోకి హాయిగా వెళ్లిపోతుంది. మిలాన్ లా స్కాలా కోసం, ఫ్లోరెన్స్ సంగీతోత్సవం కోసం రంగాలంకరణలు చేశాడు. చిన్నప్పుడు వదులుకున్న సంగీతానికి ఆ విధంగా తిరిగి దగ్గరయ్యాడు. 1941 నుంచి టూరిన్ అల్బెర్తీనా కళా అకాడమీలో చదువు చెప్పాడు. 1963 మార్చి 1న టూరిన్‌లోనే కన్నుమూశాడు.

సిల్వానా చెన్ని ఈనాటికీ ప్రైవేటు సేకరణలోనే ఉంది. అందువల్ల ఏదైనా ప్రదర్శనకు బయటికి వచ్చినప్పుడు తప్ప నేరుగా చూసే వీలు లేదు. పో నది ఒడ్డున నిలబడితే మాత్రం ఆమె వెనక కిటికీలోని కొండ, దానిమీది చర్చి ఎదురుగానే కనిపిస్తాయి. కల్పిత పేరు, దించుకున్న కళ్లు, అరువు సింహాసనం ఉన్న ఆ బొమ్మలో వెళ్లి సరిచూసుకోగలిగింది అదొక్కటే.